కొంగు దులిపి చూపించే మనిషి

ఇది ఇంతకుముందు రాయకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, నాకు రాయడం రాదు. యాభై దాటాక నా పేరు రాయడం వచ్చింది. మిగతా అక్షరాలు మనవరాలి రెండో తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. నాకు ఒత్తులు కుదిరేసరికి అది ఐదో తరగతికి వెళ్ళింది. రెండోది, ఆమె బతికి ఉంది. ఆమెకు తెలుగు చదవడం బాగా వచ్చు. నేను రాసింది ఎప్పుడైనా కంటపడితే చదివి ఊరుకోదు, తప్పులు కూడా దిద్దుతుంది. నెమ్మదిగా, ఒక్క మాట అనకుండా దిద్దుతుంది. అది నాకు పడదు.

ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది. మొన్న ఎండుచేపలు అమ్మే మనిషి ఇచ్ఛాపురం నుంచి పాసింజరులో వచ్చి, పలాసలో మా వీధిలోకి తిరిగి, నా గుమ్మం ముందు తట్ట దించకుండానే చెప్పింది.

"ఒలే అప్పా, మీ జీడి సెడ్డులో కువైటని ఒక మనిసి ఉండీది కాదా? సచ్చిపోనాది. కిడ్నీలట. మన ఉద్దానం మనుసులకి ఇంకేటొత్తాది?"

"ఎప్పుడే?"

"పదకొండో రోజు కూడా అయిపోనాది. కవళ్ళు తీసుకుంటావా, ఎల్లిపోమంటావా?"

తీసుకున్నాను. మధ్యాహ్నం వంకాయ వేసి వండుకున్నాను. బాగానే తిన్నాను. సాయంత్రం మనవరాలి నోటుపుస్తకంలో రాయని పేజీలు చింపుకుని కూర్చున్నాను.

ఆమెకు పేరు ఉంది, కానీ షెడ్డులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మస్కట్‌లో కొన్నాళ్ళు, బహ్రెయిన్‌లో కొన్నాళ్ళు, ఎక్కువ కాలం కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసి పదకొండేళ్ళకి తిరిగి వచ్చింది. చేతిలో ఒక సంచి, వెంట ఆరేళ్ళ ఆడపిల్ల. అందుకని కువైటు అన్నాం. ఆ పేరు పెట్టింది నేనే.

మా ఇద్దరిదీ ఒకే ఊరు. సోంపేట దాటి సముద్రం వైపు వెళ్తే కొబ్బరితోటల నడుమ ఉంటుంది. ఆమె పుట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆమెను చంకన వేసుకుని తోటలన్నీ తిరిగాను. తర్వాత నన్ను పలాస ఇచ్చారు. ఆమె ఏడో తరగతి వరకు చదివింది. మా ఊరికి ఏజెంటు వచ్చి ఆడవాళ్ళని కువైటు పంపిస్తానన్నప్పుడు నేనూ వెళ్ళి అడిగాను. కాగితాల మీద సంతకం రావాలన్నాడు. ఆమెకు వచ్చు, నాకు రాదు. ఆమె వెళ్ళింది. నేను ఎప్పటిలాగే జీడిగింజలు పగలగొట్టడానికి వెళ్ళాను.

గింజ పెంకులో నూనె ఉంటుంది. అది తోలుని తినేస్తుంది. ఇరవై ఏళ్ళు ఆ పని చేస్తే నా వేళ్ళ మీద గీతలన్నీ పోయాయి. పింఛను కోసం మండల ఆఫీసులో మిషన్ మీద బొటనవేలు పెడితే అక్కడ మనిషే లేనట్టు చూపిస్తుంది. కళ్ళు కూడా దెబ్బతిన్నాక పొట్టు తీసే షెడ్డులోకి మారాను. అక్కడ వరసగా కూర్చుని, పప్పుకి అంటిన ఎర్రపొట్టు చిన్న కత్తితో గీకాలి. పప్పు విరగకూడదు. ఆమె వచ్చి మా వరసలోనే చేరింది. వేసవి కాలం. షెడ్డుకి ఒకే ఒక్క కిటికీ. పని బాగా చేస్తుందని మేస్త్రమ్మ రెండో వారానికే ఆమెను ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఆ చోటు కోసం నేను నాలుగేళ్ళుగా చూస్తున్నాను.

ఆమె తిరిగి వచ్చింది ఒక్క పని మీద. పిల్లను ఈ ఊరి మనిషిగా రాయించాలి. జూన్‌లో బడి తెరిచేలోపు రేషను కార్డులో పేరు ఎక్కాలి. పిల్ల పుట్టిన కాగితం ఉంది, కానీ అది అరబ్బీలో ఉంది. ఆఫీసులో గుమాస్తా దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడట.

ముందు అన్నదమ్ముల ఇంటికే వెళ్ళింది. ఉన్నది ఒక్క అన్న. వదిన మంచినీళ్ళు వీధరుగు మీదకే తెచ్చింది. అన్న, "నువ్వొక్కదానివీ అయితే రా. ఆ గుంటతో వద్దు" అన్నాడు. ఆమె నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పలాస వచ్చి గది అద్దెకు తీసుకుంది. ఇదంతా నాకు నవ్వుతూ చెప్పింది.

పిల్లకి జుట్టు రింగులు రింగులుగా ఉండేది. తల్లిని "మామా" అని పిలిచేది. మొదటి రోజు షెడ్డంతా పగలబడి నవ్వింది.

"ఒలమ్మో! తల్లిని పట్టుకుని మావ అంటందే! మరి మావనేటంటాదో?"

"మావ ఉంటే కదే అనడానికి!"

"ఒలే కువైటూ, గుంటకి తండ్రి ఉన్నాడేటి?"

"ఉన్నాడు" అంది ఆమె, కత్తి ఆపకుండా.

"ఎక్కడ?"

"లేడు."

"ఉన్నాడా, లేడా?"

"రెండూను అప్పా."

తర్వాత నాకు ఒక్కదానికే చెప్పింది. ఆయన కేరళ మనిషి. కువైట్‌లో ఆమె పని చేసిన ఇంట్లోనే డ్రైవరు. పిల్లకి ఏడాది నిండాక తన ఊరు చూసి వస్తానని వెళ్ళాడు. తర్వాత ఫోను నంబరు మారిపోయింది. అంతే. పొద్దున్న నాకు చెప్పింది. సాయంత్రానికి షెడ్డంతటికీ తెలిసింది.

ఆమె నిలబడి తినేది. గోడకి వీపు ఆనించి, క్యారేజీ చేత్తో పట్టుకుని. కూర్చోమంటే కూర్చునేది, రెండు ముద్దలు తిని మళ్ళీ లేచేది. ఎవరు తాగిన గ్లాసైనా కడిగేసేది. అన్నిటికంటే మాకు నచ్చిందేమిటంటే, వెనక నుంచి ఎవరు పిలిచినా చటుక్కున లేచి నిలబడేది. ఎవరు, ఎందుకు అని చూడదు. ముందు లేస్తుంది, తర్వాత తిరుగుతుంది. ఇది కనిపెట్టాక మాకు ఆట దొరికింది. పొద్దు గడవనప్పుడు ఎవరో ఒకరు వెనక నుంచి "ఒలే!" అనేవారు. లేచేది. మేము నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వి కూర్చునేది. ఒకసారి నేను పిలిస్తే ఒళ్ళోని పళ్ళెంతో సహా లేచింది. పప్పంతా నేల మీద పడింది. సగం విరిగింది. ఆ పూట ఆమె పని లెక్కలోకి రాలేదు. ఆమె ఏరుకుంటుంటే పిల్ల కూడా వంగి ఏరింది. "పెద్దమ్మా, కాలు తియ్యి" అంది నన్ను. నా కాలి కింద రెండు పప్పులు ఉన్నాయి.

ఇక గేటు సంగతి. సాయంత్రం పని దిగేటప్పుడు గేటు దగ్గర బాల్చీలో నీళ్ళు, చెంబు పెడతారు. ఒక్కొక్కరం నోటినిండా నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఇసుకలో ఉమ్మాలి. మేస్త్రమ్మ వంగి చూస్తుంది. ఉమ్మిలో తెల్లటి పలుకు కనిపిస్తే పప్పు తిన్నట్టు. మర్నాడు పనిలోకి రానక్కర్లేదు. మాకది అలవాటే. ఉమ్ముతూ పరాచికాలు కూడా ఆడుకునేవాళ్ళం. ఆమె మొదటి రోజు ఉమ్మింది. ఉమ్మి, ఎవరూ అడగకుండానే సంచి తెరిచి బోర్లించింది. కొంగు విప్పి మూడుసార్లు దులిపింది. పిల్ల గౌను జేబులు బయటికి లాగి చూపించింది. తర్వాత పిల్ల చేత కూడా పుక్కిలించి ఉమ్మించింది.

మేస్త్రమ్మకే సిగ్గేసింది. "అక్కర్లేదే. గుంటనేటి సేత్తావు?"

"సూసీయండమ్మా. మీకు డౌటుండకూడదు."

మర్నాడూ అంతే. రోజూ అంతే. పిల్లకి అది ఆటయింది. పరుగెత్తుకొచ్చి అందరికంటే ముందు ఉమ్మి, "సూడు, ఏటీ లేదు!" అని అరిచేది.

గేటు దగ్గరైతే సరే. మా ఇంటికి వచ్చినా ఇంతే. ఆదివారం పిలిచి చేపల పులుసు పెడితే, తిని, గిన్నెలు తోమి, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి సంచి తెరిచి నాకు చూపించేది, కొంగు దులిపేది. నాకు ఒళ్ళు మండేది.

"ఏటే, నా కొంపలో దొంగతనం సెయ్యడానికి ఏటున్నాదని?"

"అలవాటైపోనాది అప్పా. దులపకుండా గుమ్మం దాటితే ఎవులో ఎనక నుంచి పిలుత్తారనిపిత్తాది."

ఆఫీసులో గుమాస్తా ఆమెకు ఒక దారి చెప్పాడు. ఈమె ఈ ప్రాంతం మనిషేనని, ఈ పిల్ల ఈమెదేనని తెలిసిన ఇద్దరు వచ్చి సంతకం పెడితే కాగితం పైకి పంపిస్తానన్నాడు. ఒకరైనా ఆమె పుట్టిన ఊరి మనిషి కావాలి. షెడ్డు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న ఆయన ఒక సంతకం పెడతానన్నాడు. రెండోదానికి ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నాకు సంతకం రాదు కదే. ఏలు మిసన్లో పడదు."

"నాను నేర్పుతాను అప్పా. నీ పేరు నాలుగక్షరాలే."

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె పళ్ళెంలో ఎర్రపొట్టు పల్చగా పరిచేది. దాని మీద గోటితో నా పేరు రాసేది. పొట్టు పక్కకి జరిగి కింద తెల్లటి రేకు కనిపించేది. నేను పక్కనే రాయాలి. తప్పు రాస్తే తప్పు అనదు. అరచేత్తో పొట్టు సర్ది మళ్ళీ పరుస్తుంది, అంతే. నా పేరు నేను ఎన్నిసార్లు తప్పు రాశానో ఆ అరచేతికే తెలుసు. పిల్ల ఎదురుగా కూర్చుని నేర్చుకునేది. నాకు ఒక అక్షరం పట్టేలోపు దానికి నాలుగూ వచ్చేశాయి. మూడో రోజు నా పేరు అది తిరగేసి కూడా రాసింది, నాకు కనిపించేలా. షెడ్డులో అందరూ మెచ్చుకున్నారు. నేను పళ్ళెం ఎత్తి కుదిపేశాను.

పది రోజులకి నాకు వచ్చింది. వంకరగానైనా, చూడకుండా రాశాను. ఆమె చాలాసేపు ఆ పళ్ళెం కేసి చూసింది. "ఖలాస్" అంది. పని అయిపోతే అనే మాట అది. అంతకుముందు ఆమె ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. తన కోసం నేర్పిందేగా అనుకున్నాను.

ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజుకి ముందు సాయంత్రం ఆమె అన్న మా ఇంటికి వచ్చాడు. ఆటోలోంచి పెద్ద పనసకాయ దింపించాడు, పండినది. ఆ వాసన ఇల్లంతా పట్టింది.

"తిను అప్పా. మన దొడ్డిదే."

"ఏటి సంగతి?"

"నీకు తెల్దేటి? ఆ గుంట పేరు కార్డులో ఎక్కిందంటే రేపు పెద్దదై తోటలో వాటా అంటాది. ఎవుడి పిల్లో ఏటో. మీ అబ్బాయి మా సెట్లెక్కే బతుకుతున్నాడు. మనం మనం ఒకటి కదా."

"నాను సంతకం ఎట్టను అని ఎవులన్నారు? ఎడతాను అని ఎవులన్నారు?"

అతను నవ్వాడు. "నువ్వు మనసులో మంచిదానివి అప్పా."

మా వాడి పని పోతుందని భయపడ్డానని రాయొచ్చు. చదివేవాళ్ళు అయ్యో అంటారు. కానీ అతను రాకపోయినా నేను పెట్టేదాన్ని కాదు. ఆమె ఏడు సముద్రాలు తిరిగింది, పిల్లను తెచ్చుకుంది, వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆ పిల్లకి ఊరు కూడా కావాలి, అదీ నా చేత్తో. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. అంతే.

మర్నాడు ఆఫీసుకి ముగ్గురం వెళ్ళాం. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. పిల్లకి రెండు జడలు వేసింది, రింగులు నిలవక పైకి లేస్తున్నాయి. టీ కొట్టాయన ముందే వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. గుమాస్తా నాకు కుర్చీ చూపించాడు.

"మీకు ఈమె తెలుసా?"

"తెలుసు బాబూ. మా ఊరి మనిసే. ఎత్తుకు పెంచాను."

"ఈ పాప ఈమె కన్నబిడ్డేనని తెలుసా?"

ఆమె నా కేసి చూడలేదు. నేను చెప్పేస్తాననే నమ్మకంతో పిల్ల జడకి రిబ్బను సర్దుతోంది.

"నాకేటి తెలుస్తాది బాబూ? వచ్చినప్పుడు ఎంటెట్టుకొచ్చినాది. కన్నప్పుడు నాను సూడలేదు కదా."

రిబ్బను మీద వేళ్ళు ఆగిపోయాయి. గుమాస్తా పెన్ను నా వైపు జరిపాడు.

"పోనీ తెలిసినంతవరకు రాస్తాను. సంతకం పెడతారా?"

"నాకు సంతకం రాదు."

ఆమె అప్పుడు నన్ను చూసింది. వచ్చు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. అన్నది పిల్ల.

"వచ్చు! పెద్దమ్మకి వచ్చు! ఇలాగ!" అని బల్ల అంచు మీద వేలితో నా పేరు రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం, రెండో అక్షరం. మూడోది రాస్తుండగా తల్లి ఆ వేలు పట్టుకుని కిందికి దించింది. అరచేత్తో బల్ల మీద ఆ చోటు సర్దింది, పొట్టు సర్దినట్టే.

"చిన్నపిల్ల. ఏమీ అనుకోకండి" అంది గుమాస్తాతో. ఆ ఆఫీసులో కూడా తలుపు దగ్గర ఆగి, సంచి తెరిచి, కొంగు దులిపి వెళ్ళింది. గుమాస్తా పిచ్చిదా అన్నట్టు నా కేసి చూశాడు. అవునన్నట్టు తలూపాను.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నా క్యారేజీ ఒకటి ఆమె దగ్గర ఉండిపోయింది. తోమి, తుడిచి తెచ్చింది. గుమ్మంలోకి రాగానే ఆగి గాలి పీల్చింది.

"మా దొడ్డి పనస" అంది. అడగలేదు, చెప్పింది. చిన్నప్పుడు ఆ చెట్టు కిందే నేను ఆమెను ఆడించాను. ఆ వాసన వేరే చెట్టుకి రాదు.

నేను తప్పించుకోవచ్చు. కానీ పిల్ల అప్పటికే లోపలికి తొంగి చూసింది. పీట మీద తొనలు వలిచిపెట్టి ఉన్నాయి. నేను రెండు తొనలు తీసి పిల్ల చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. తల్లి వద్దనలేదు. పిల్ల తింటున్నంతసేపూ గోడకి ఆని నిలబడి చూసింది. గింజలు రెండూ పిల్ల చేతిలోంచి తీసుకుని నా గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత నా బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి పిల్ల నోట్లో పోసింది.

"ఉమ్ము."

పిల్ల వీధిలో ఉమ్మింది.

"ఇంకోసారి."

మళ్ళీ ఉమ్మింది. "సూడు పెద్దమ్మా, ఏటీ లేదు!" అని అరిచింది.

ఆమె సంచి తెరిచి నాకు చూపించింది. అందులో పిల్ల బట్టలు, అరబ్బీ కాగితం, ఒక దువ్వెన ఉన్నాయి. కొంగు మూడుసార్లు దులిపింది. గుమ్మం దిగి వీధి మలుపు దాకా వెళ్ళింది. అప్పుడు నేను వెనక నుంచి "ఒలే!" అన్నాను. ఏం చెబుదామని పిలిచానో నాకే తెలియదు. ఆమె ఆగలేదు. ఆమె ఆగకపోవడం అదే మొదటిసారి.

ఇచ్ఛాపురం వెళ్ళిందని తర్వాత తెలిసింది. అక్కడ ఒడియా బడిలో ఎక్కువ ప్రశ్నలు లేకుండా పిల్లను చేర్చుకున్నారట. ఆమె ఏదో లాడ్జీలో గదులు తుడిచేదట. ఎండుచేపల మనిషిని మొన్న అడిగాను, పిల్ల ఎలా ఉందని.

"పెద్దదైపోనాది. ఒడియా గలగలా సదువుతాది. తెలుగు మాటాడతాది గాని ఒక్క అచ్చరం రాదు, అన్నీ మర్సిపోనాది."

నా పేరులో నాలుగు అక్షరాలు దానికి వచ్చేవి. అవీ పోయి ఉంటాయి. కాబట్టి ఇది ధైర్యంగా రాశాను. చదవగలిగినామె లేదు, ఉన్నదానికి చదవడం రాదు.

ఇంకొకటి రాయాలి. ఆమె సంచి చూపించి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నేను మళ్ళీ ఆ ఆఫీసుకే వెళ్ళాను. నా వేలు మిషన్లో పడక వితంతు పింఛను ఆగిపోయి ఉంది. సంతకం పెడితే ఇస్తారని, ఆ రోజే ఆఖరని చెప్పారు. అదే గుమాస్తా. రిజిస్టరు తిప్పి ఇచ్చాడు. నేను పెన్ను తీసుకుని నాలుగు అక్షరాలూ రాశాను. ఒక్కటి కూడా వంకర పోలేదు.

అతను రిజిస్టరు చూశాడు, నన్ను చూశాడు.

"నిన్న రాదన్నారు కదా?"

"రాత్రి మా మనవరాలు నేర్పింది బాబూ."

"ఒక్క రాత్రిలోనా?"

"దానిది మంచి బుర్ర."

అతను నవ్వి కాగితం మీద ముద్ర గుద్దాడు. అక్కడి నుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళాను. కిటికీ పక్కన పీట ఖాళీగా ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. వెళ్ళి కూర్చున్నాను. గాలి బాగా వస్తోంది.